ఎంత వెలుగు చేరింది? ఆప్టికల్ ఫైబర్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల పాఠకులు ఆప్టికల్ ఫైబర్ గురించి పంపిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా, దాదాపు అన్నీ ఒక్క విషయం దగ్గరికే వస్తాయి. బయలుదేరిన వెలుగులో చివరికి ఎంత మిగిలింది అన్నదే ఆ విషయం. దానిని మొదటి జవాబులోనే కొంచెం వివరంగా చెప్పి, మిగిలిన వాటిలో అవసరమైన చోట వాడుకుంటాము.

ప్రశ్న: మా ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. అప్పుడప్పుడు పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి నెట్ ఆగిపోతుంది. చూడడానికి వచ్చిన అబ్బాయి చిన్న మీటరు పెట్టి, "పవర్ రావడం లేదమ్మా, లాస్ ఎక్కువుంది, మైనస్ ఇరవై ఎనిమిది చూపిస్తోంది" అన్నాడు. ఇంట్లో కరెంటు బాగానే ఉంది. అతను చెప్పే పవర్ ఏమిటి? మైనస్ అంటే అసలు ఏమీ రానట్టేనా?
(ఒక గృహిణి, ఉరవకొండ)

జవాబు: అతను చెప్పిన పవర్ మీ ఇంటికి చేరిన వెలుగు బలం. మీ గోడ దాకా వచ్చే ఆ సన్నని నల్లని తీగలో రాగి లేదు, విద్యుత్తు ప్రవహించదు. లోపల ఒక గాజు తంతువు ఉంటుంది. ఆపరేటర్ కార్యాలయంలోని యంత్రం 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిని మీ వైపు పంపుతుంది, మీ పెట్టె 1310 నానోమీటర్ల కాంతితో బదులు పంపుతుంది. తరంగదైర్ఘ్యాలు వేరు కాబట్టి రెండూ ఒకే గాజులో ఎదురెదురుగా పోయినా కలగాపులగం కావు.

ఆ వెలుగును కొలిచే ప్రమాణాన్ని డీబీఎం అంటారు. ఒక మిల్లీవాట్ వెలుగును సున్నాగా తీసుకుంటారు. అక్కడి నుంచి పది మెట్లు దిగిన ప్రతిసారీ వెలుగు పదో వంతుకు తగ్గుతుంది. ఒక్కో మెట్టును డెసిబెల్ అంటారు. అంటే మైనస్ 10 దగ్గర మిల్లీవాట్‌లో పదో వంతు, మైనస్ 20 దగ్గర నూరో వంతు, మైనస్ 30 దగ్గర వెయ్యో వంతు ఉంటుంది. కాబట్టి మైనస్ అంటే ఏమీ లేదని కాదు, ఒక మిల్లీవాట్ కంటే తక్కువ అని మాత్రమే అర్థం. ఇళ్లకు ఇచ్చే జీపాన్ పద్ధతిలో సాధారణంగా వాడే పెట్టెలు మైనస్ 27 దాకా వచ్చిన వెలుగును చదవగలవు. మైనస్ 28 అంటే ఆ హద్దు దాటి ఒక మెట్టు కిందకు దిగినట్టు. అందుకే ఎర్ర లైటు.

ఈ వెలుగు దారిలో ఎక్కడెక్కడ తగ్గిందో ఒక లెక్క వేసి చూద్దాం. యంత్రం దగ్గర ప్లస్ 3 డీబీఎం, అంటే సుమారు రెండు మిల్లీవాట్లు బయలుదేరాయనుకుందాం. వీధి స్తంభం మీద లేదా పెట్టెలో ఉండే స్ప్లిట్టర్, తుంగభద్ర ఎగువ కాలువ నీటిని తూముల దగ్గర పంచినట్టు, ఆ ఒక్క వెలుగును ముప్పై రెండు ఇళ్లకు పంచుతుంది. ఈ పంపకం ఒక్కటే సుమారు 17 డెసిబెల్స్ తీసుకుంటుంది. ఎనిమిది కిలోమీటర్ల గాజు దారి రెండు డెసిబెల్స్, అతుకులు, కనెక్టర్లు కలిపి మరో రెండు తీసుకుంటాయి. మొత్తం 21 పోతే మీ ఇంటికి మైనస్ 18 చేరాలి. ఎనిమిది కిలోమీటర్ల దూరం తీసుకున్నది చాలా తక్కువ, పంపకం తీసుకున్నదే ఎక్కువ అని గమనించండి. మీకు మైనస్ 28 వస్తోందంటే, ఇలాంటి లెక్క ప్రకారం మరో పది డెసిబెల్స్ ఎక్కడో కారిపోతున్నాయి. చేరవలసిన దానిలో పదో వంతే చేరుతోంది.

అది ఎక్కడ పోతోందో వెతకడం మీ ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. మొదట చూడవలసింది వంపు. తీగను బీరువా వెనక నలిపి పెట్టినా, తలుపు సందులో ఇరికించినా, మిగిలిన పొడవును చిన్న చుట్టగా బిగించి కట్టినా, ఆ వంపు దగ్గర వెలుగు గాజులో నిలవక బయటికి పోతుంది. పాత రకం తంతువును మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగుతుగా వంచకూడదు. ఇళ్ల కోసం తయారు చేసిన కొత్త రకాలు సెంటీమీటరు వ్యాసార్ధపు వంపును, కొన్ని అంతకంటే బిగువైన వంపును కూడా తట్టుకుంటాయి, కాని మడతను ఏదీ తట్టుకోదు. రెండవది కనెక్టర్ మొన మీది దుమ్ము. మన వైపు ఎండాకాలపు గాలికి ఇంట్లోకి ఎంత దుమ్ము వస్తుందో మీకు తెలుసు. వెలుగు వెళ్లే గాజు మధ్య భాగం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు, దాని మీద ఒక్క రేణువు పడినా చాలు. అయితే దాన్ని చీర కొంగుతోనో నోటితో ఊదియో తుడవకండి. ఆ పనికి పీచు రాలని ప్రత్యేకమైన గుడ్డ, స్వచ్ఛమైన ఆల్కహాల్ వాడతారు, అవి ఆ అబ్బాయి దగ్గర ఉండాలి. ఎలుకలు, ఉడతలు కొరకడం మూడవది. అది మేడ మీదా, స్తంభం దగ్గరా జరుగుతుంది.

అతను మళ్లీ వచ్చినప్పుడు రెండు అంకెలు అడిగి రాసుకోండి. ఒకటి మీ పెట్టె దగ్గరి కొలత, రెండవది స్ప్లిట్టర్ నుంచి మీ ఇంటికి తీగ బయలుదేరే చోట కొలత. రెండింటి మధ్య తేడా ఒకటి రెండు డెసిబెల్స్‌కు మించి ఉంటే తప్పు మీ ఇంటికి వచ్చే తీగలో ఉంది, ఆ తీగ మార్చాలి. తేడా లేకపోతే తప్పు వీధిలోనో, అంతకు ముందో ఉంది, మీ ఇంట్లో ఎన్నిసార్లు పెట్టె మార్చినా ప్రయోజనం ఉండదు. డబ్బు కట్టే వారికి ఈ అంకెలు అడిగే హక్కు ఉందని, అడిగితే పని మెరుగ్గా జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఎర్ర లైటు లేకుండా కేవలం నెమ్మదిగా ఉంటే, చాలా ఇళ్లలో కారణం ఫైబర్ కాదు, పెట్టె నుంచి ఫోనుకు గాలిలో వెళ్లే వైఫై. మందపాటి రాతి గోడల ఇళ్లలో అది ఇంకా ఎక్కువ.

ప్రశ్న: కిటికీ అద్దాన్ని పక్క అంచు నుంచి చూస్తే పచ్చగా, చీకటిగా కనిపిస్తుంది. ఒక అడుగు గాజే వెలుగును అంతగా మింగేస్తుంటే, పదుల కిలోమీటర్ల గాజులోంచి వెలుగు ఎలా వస్తుంది? సంపూర్ణాంతర పరావర్తనం అని పాఠంలో చదివాను, కాని నా సందేహం దానితో తీరలేదు.
(ఒక బీఎస్సీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: మీ సందేహం సరైనది. సంపూర్ణాంతర పరావర్తనం వెలుగు పక్కలకు పోకుండా ఎలా నిలుస్తుందో చెబుతుంది. నిలిచిన వెలుగును గాజు తనలోనే మింగకుండా ఎందుకు ఉంటుందో అది చెప్పదు. చరిత్రలో కూడా ఈ రెండు ప్రశ్నలకు జవాబులు వంద ఏళ్లకు పైగా ఎడంతో వచ్చాయి.

మొదటిది పాతదే. జెనీవాలో డేనియల్ కొలడాన్ 1841లో, లండన్‌లో జాన్ టిండాల్ 1854లో, పాత్ర నుంచి వంపుగా పడే నీటి ధారలో వెలుగు ఆ ధారతో పాటే వంగి వెళ్లడాన్ని సభల్లో చూపించారు. ఆప్టికల్ ఫైబర్‌లో నీటికి బదులు రెండు పొరల గాజు ఉంటుంది. లోపలి భాగం కోర్, దాని చుట్టూ ఉన్నది క్లాడింగ్. కోర్ వక్రీభవన గుణకం 1.45 అనుకుంటే క్లాడింగ్‌ది 1.445 దగ్గర ఉంటుంది. తేడా నూటికి అర వంతు కూడా లేదు. ఈ లెక్కన సందిగ్ధ కోణం లంబం నుంచి సుమారు 85 డిగ్రీలు వస్తుంది, అంటే తంతువు పొడవుకు దాదాపు సమాంతరంగా, అయిదు డిగ్రీల లోపు వాలుతో వెళ్లే కిరణాలు మాత్రమే లోపల నిలుస్తాయి. బిగువైన వంపు దగ్గర వెలుగు ఎందుకు బయట పడుతుందో ఇందులోనే ఉంది. దూర ప్రయాణానికి వాడే తంతువులో కోర్ వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లు. అది కాంతి తరంగదైర్ఘ్యానికి ఆరేడు రెట్లు మాత్రమే కాబట్టి, అక్కడ కిరణాల బొమ్మ కూడా చాలదు, వెలుగును తరంగంగానే లెక్కించాలి. మీరు ఎమ్మెస్సీకి వెళితే ఆ లెక్క చేస్తారు.

రెండవ ప్రశ్న కష్టమైనది. పంజాబ్‌లోని మోగాలో 1926లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కళాశాలలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజు తంతువుల కట్ట గుండా బొమ్మను పంపి 1954లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఫైబర్ ఆప్టిక్స్ అనే పేరును 1960లో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. మన దేశం ఆయనకు 2021లో, మరణానంతరం, పద్మవిభూషణ్ ఇచ్చింది. అయితే ఆ రోజుల గాజు ఒక్కో మీటరుకు ఒక డెసిబెల్ మేర వెలుగును పోగొట్టేది. ఇరవై మీటర్లు వెళ్లేసరికి నూటికి ఒక వంతే మిగిలేది. కడుపులోకి చూసే గొట్టానికి అది సరిపోతుంది. ఊరి నుంచి ఊరికి మాట పంపడానికి సరిపోదు.

1966లో ఇంగ్లండ్‌లోని హార్లోలో పని చేస్తున్న చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ ఒక సాహసమైన మాట రాశారు. ఈ నష్టం గాజు స్వభావం కాదని, గాజులో కలిసిన ఇనుము వంటి లోహాల మలినాల వల్ల వచ్చిందని, వాటిని తీసేస్తే కిలోమీటరుకు 20 డెసిబెల్స్ నష్టంతో తంతువు సాధ్యమని, అంత తగ్గితే టెలిఫోన్లకు వాడవచ్చని వారి వాదన. మీరు చూసిన అద్దపు పచ్చదనం కూడా ఆ ఇనుము రంగే. నాలుగేళ్లలో, 1970లో, అమెరికాలోని కార్నింగ్ సంస్థలో రాబర్ట్ మారర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ ఆ హద్దు కంటే తక్కువ నష్టంతో తంతువు తీశారు. ఈనాటి మంచి తంతువు 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ మాత్రమే పోగొడుతుంది. వెలుగు సగానికి తగ్గాలంటే పదిహేను కిలోమీటర్లు వెళ్లాలి. నూరు కిలోమీటర్లు, అంటే సుమారు అనంతపురం నుంచి ధర్మవరం, పుట్టపర్తి దాటి వెళ్లేంత దూరం పోయినా నూటికి ఒక వంతు మిగులుతుంది. పాత గాజు ఇరవై మీటర్లలో పోగొట్టినంత ఇది నూరు కిలోమీటర్లలో పోగొడుతోంది. కావ్‌కు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం వచ్చింది. ఇక మిగిలిన ఆ చిన్న నష్టంలో ఎక్కువ భాగం గాజు అణువుల అమరికలోని సహజమైన అసమానతల మీద కాంతి పరిక్షేపణం చెందడం, అంటే పక్కలకు చెదరడం వల్ల వచ్చేది, దాన్ని శుభ్రతతో తీయలేము. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణమైన, రాలే అనే శాస్త్రవేత్త పేరుతో పిలిచే రాలే పరిక్షేపణమే ఇది. తరంగదైర్ఘ్యం పెరిగితే ఇది తగ్గుతుంది కాబట్టే కంటికి కనిపించే వెలుగును వదిలి పరారుణాన్ని ఎంచుకున్నారు.

ప్రశ్న: మా పొలంలో పలుగురాళ్లు చాలా ఉన్నాయి. ఇంటర్నెట్ తీగలకు గాజు ఈ రాయితోనే చేస్తారని, ముందు ముందు మంచి ధర వస్తుందని ఒకాయన చెప్పాడు. నిజమేనా?
(ఒక రైతు, పత్తికొండ)

జవాబు: పలుగురాయి సిలికానే, తంతువు గాజూ సిలికానే, అంత వరకు నిజం. కాని రాయిని కరిగించి తీగ లాగరు. పలుగురాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాల్చి సిలికాన్ తీస్తారు, దాన్ని క్లోరిన్‌తో కలిపి సిలికాన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవంగా మార్చి, మరిగించి, ఆవిరిని చల్లార్చి శుద్ధి చేస్తారు. ఆ ఆవిరిని ఆక్సిజన్‌తో మండించి పొర మీద పొరగా గాజు కడ్డీ పెంచి, సుమారు 2000 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబరిచి సన్నగా లాగుతారు. కోర్ కోసం కొంచెం జెర్మేనియం కలుపుతారు. రాతి నాణ్యత కంటే ఈ శుద్ధి పనిదే అక్కడ విలువ.

ఇంకొక లెక్క చూడండి. తంతువు వ్యాసం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కిలోమీటరు పొడవుకు పట్టే గాజు సుమారు 27 గ్రాములు. ఒక కిలో గాజుతో ముప్పై ఏడు కిలోమీటర్ల తంతువు వస్తుంది. దేశమంతా తంతువులు పరిచినా దానికి పట్టే రాయి తక్కువే కాబట్టి ఈ మాట నమ్మి భూమి విషయంలో ఏ ఒప్పందమూ చేసుకోవద్దు. పలుగురాయికి గాజు, పింగాణీ పరిశ్రమల్లో గిరాకీ ఉంది, అయితే తవ్వి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: సైన్సు పదాలు చాలా వరకు గ్రీకు నుంచి వచ్చాయంటారు. ఆప్టికల్ అనే మాట కూడా గ్రీకేనట. మరి గ్రీకులు ఈ కొత్త విషయాన్ని తమ భాషలో ఎలా చెప్పుకుంటారు? ఇంగ్లీషు మాటలే వాడతారా, మనలాగా తమ మాటలు కట్టుకున్నారా?
(ఒక తెలుగు అధ్యాపకుడు, కడప)

జవాబు: తమ మాటలే కట్టుకున్నారు, వాడుకలోనూ అవే ఉన్నాయి. ఆప్టికల్ ఫైబర్‌ను గ్రీకులు ఒప్తికీ ఈనా అంటారు. ఒప్తికీ అంటే చూపుకు సంబంధించినది, ఆ మాట క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ చూపు గురించి రాసిన కాలం నుంచి ఉంది. ఈనా అంటే నార, పీచు. మన ఆకు ఈనెకు, కొబ్బరి ఈనెకు వినికిడిలో ఎంత దగ్గరగా ఉందో చూడండి. రెండు భాషలకూ కుటుంబ సంబంధం లేదు, ఇది కేవలం కలిసివచ్చిన ధ్వని. అయినా కడపలో పాఠం చెప్పేవారికి గుర్తుంచుకోవడానికి ఇంతకంటే సులువైన విదేశీ మాట దొరకదు. ఇంగ్లీషులో ఆప్టికల్ గ్రీకు, ఫైబర్ లాటిన్. గ్రీకులో మాత్రం రెండూ ఇంటి మాటలే.

వక్రీభవనాన్ని దియాథ్లాసి అంటారు, ఒక దానిగుండా వెళుతూ విరగడం అని దాని భావం. మన మాటలో కిరణం వంకరవుతుంది, వారి మాటలో విరుగుతుంది. పరావర్తనాన్ని అనాక్లాసి, సంపూర్ణాంతర పరావర్తనాన్ని ఒలికీ ఎసోతెరికీ అనాక్లాసి అంటారు, ఇది మన పదంలాగే మాటకు మాటగా ఉంది. తరంగదైర్ఘ్యం కూడా అంతే, మీకోస్ కీమతోస్ అంటే తరంగపు పొడవు. కోర్‌ను పిరీనాస్ అంటారు. పండులోని టెంకకు, పరమాణువులోని కేంద్రకానికి కూడా వారికి అదే మాట.

ఈ శీర్షికలో మనం ఇంతసేపూ లెక్కపెడుతున్న లాస్‌కు గ్రీకు పదం ఎక్సస్థేనిసి, అంటే బలం ఉడిగిపోవడం. కండరాలు నీరసించే మయస్తీనియా అనే జబ్బు పేరు విన్నవారికి ఆ ధాతువు తెలిసే ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి క్షీణత అని ఉంది. వేగవంతమైన కాంతి స్పందనలు, అంటే క్షణకాలపు వెలుగు తునకలు, దూరం పోయేకొద్దీ వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోయే దోషాన్ని దియాస్పోరా అంటారు. దేశాంతరాల్లో చెదిరిన ప్రజలను చెప్పడానికి ప్రపంచమంతా వాడే మాట అదే. విత్తనాలు వెదజల్లడం దాని మొదటి అర్థం. ఒకే రీతిలో కాంతిని పోనిచ్చే సన్న కోర్ తంతువు మొనోత్రొపి, అనేక రీతుల్లో పోనిచ్చేది పొలీత్రొపి. ఇక్కడ త్రోపోస్ అంటే రీతి. కేబుల్‌కు వారి మాట కలోదియో, తాడు అనే పాత నావికుల మాటకు చిన్నరూపం. ఇంట్లో వాడే రౌటర్‌ను ధ్రొమొలొయితీస్ అంటారు, అందులో ఉన్నది ద్రోమోస్, అంటే దారి.

ఇదంతా దానంతట అది జరగలేదు. గ్రీసులో పరిభాష కోసమే పని చేసే ఎలెతో అనే సంఘం ఉంది, టెలికమ్యూనికేషన్ పదాల కోసం ఇంజనీర్లు, భాషావేత్తలు కలిసి కూర్చునే బృందం ఉంది. పదం ఖాయం చేసేటప్పుడు తంతువును అతికేవారు, పాఠం చెప్పేవారు ఒకే మాట వాడేలా చూడడం ఆ పనిలో కీలకం. మన దగ్గర తెలుగు అకాడమి 1968 నుంచి పదాలు ఇచ్చింది. దృశా తంతువు, వక్రీభవన గుణకం, సందిగ్ధ కోణం, పరిక్షేపణం వంటివి ఇంటర్మీడియట్ పుస్తకాల్లో స్థిరపడ్డాయి, వాటిలో లోపం నాకు కనిపించదు. లోపం పుస్తకానికీ స్తంభం ఎక్కే మనిషికీ మధ్య ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. పుస్తకంలో కోర్ అంటే తంతువు లోపలి 9 మైక్రోమీటర్ల భాగం. పని చేసేవారు "ఇరవై నాలుగు కోర్ కేబుల్" అన్నప్పుడు కోర్ అంటే మొత్తం ఒక తంతువు. ఐటీఐ నుంచి పనిలోకి వెళ్లిన కుర్రవాడికి మొదటి రోజే ఈ రెండూ ఢీకొంటాయి. పుస్తకాలు రాసేవారు పనివారి మాటను కూడా పక్కన రాసి, తేడా ఒక్క వాక్యంలో చెప్పాలి. ఫైబర్, స్ప్లిట్టర్, స్ప్లైసింగ్ వంటివి ఇప్పటికే తెలుగు మాటలై తెలుగు విభక్తులు తగిలించుకున్నాయి. వాటిని తోసేసి కొత్తవి కట్టడం అనవసరం. క్షీణత, పరిక్షేపణం వంటి భావనల మాటలు మాత్రం తెలుగులో ఉంటేనే విద్యార్థి సొంతంగా ఆలోచించగలడు.

ప్రశ్న: మా వీధిలో ఫైబర్ తీగను కరెంటు స్తంభాల మీదే లాగారు. పిడుగు పడితే ఆ తీగ గుండా ఇంట్లోకి వస్తుందా?
(ఒక రైల్వే ఉద్యోగి, గుంతకల్లు)

జవాబు: గాజు తంతువు గుండా రాదు. గాజు విద్యుత్తును పోనివ్వదు. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్ పథకానికి వేల కిలోమీటర్ల తీగను విద్యుత్ స్తంభాల మీదే లాగగలిగారంటే కారణం ఇదే. అలాంటి చోట్లకు లోహం లేకుండా, బిగువు కోసం అరామిడ్ నార పెట్టిన కేబుల్ వాడతారు. పైనున్న నల్లని తొడుగులో కలిపిన కార్బన్ మసి మన ఎండను తట్టుకోవడానికే. అయితే కొన్ని కేబుళ్లలో బలం కోసం ఉక్కు తీగ పెడతారు, ఇంటి దాకా వచ్చే సన్న తీగ పక్కన కూడా అది ఉండవచ్చు. ఆ ఉక్కును ఇంటి బయటే కత్తిరించి ఆపాలి. ఇక పిడుగు వేళల్లో పెట్టెలు కాలిపోవడానికి సాధారణంగా కారణం దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్ దారి. ఉరుములు మొదలైతే ఆ ప్లగ్ తీసేయండి, ఫైబర్ తీగను కదపనవసరం లేదు.

ప్రశ్న: మా ఊరి దారిలో నీటి పైపుల కోసం జేసీబీతో తవ్వినప్పుడు ఫైబర్ తెగింది. వచ్చినవారు దారంతా వెతకకుండా, ఎక్కడో దూరంగా ఒక యంత్రం పెట్టి చూసి నేరుగా తెగిన చోటికి వచ్చారు. ఎలా తెలిసింది?
(ఒక ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం)

జవాబు: ఆ యంత్రం పేరు ఓటీడీఆర్. అది తంతువులోకి చిన్న కాంతి స్పందనను పంపి, తిరిగి వచ్చే వెలుగు కోసం వేచి ఉంటుంది. పైన చెప్పిన రాలే పరిక్షేపణం వల్ల దారి పొడవునా కొంచెం వెలుగు వెనక్కి వస్తూనే ఉంటుంది, తెగిన చోటి నుంచి తరచు ఒక్కసారిగా ఎక్కువగా వస్తుంది, దాని తరువాత ఏమీ రాదు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. కిలోమీటరు దూరం పోయి తిరిగి రావడానికి పది మైక్రోసెకన్లు పడుతుంది. 63 మైక్రోసెకన్ల తరువాత ఆగిపోతే తెగింది 6.3 కిలోమీటర్ల దగ్గర. నష్టం చెందిన వెలుగులోని ఆ అతి చిన్న భాగమే తప్పు ఎక్కడుందో చెబుతోంది. ఇది నాకు ఈ సాంకేతిక విద్య మొత్తంలో అత్యంత ఇష్టమైన సంగతి.

యంత్రం చూపిన దూరం తంతువు పొడవే తప్ప రోడ్డు పొడవు కాదు. కేబుల్ లోపల తంతువులు మెలికలుగా ఉంటాయి, మరమ్మతుల కోసం అక్కడక్కడ చుట్టలు చుట్టి వదులుతారు. ఆ చుట్టలు ఎక్కడున్నాయో రాసి పెట్టుకున్నవారే నేరుగా చోటికి రాగలరు. అక్కడ తెగిన కొసలను చదునుగా కోసి, విద్యుత్ స్ఫులింగంతో కరిగించి అతుకుతారు. అతుకు బాగా కుదిరితే నష్టం డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. మామూలు నేలలో ఈ కేబుళ్లను 1.65 మీటర్ల లోతున వేయాలన్నది టెలికం శాఖ పనుల్లో పాటించే కొలత. మీ వైపు లాగా కొంచెం తవ్వగానే రాయి తగిలే చోట అంత లోతు కుదరదు, అందుకని తక్కువ లోతులో ఇనుప గొట్టంలోనో, పైన కాంక్రీటు పోసియో వేస్తారు. పంచాయతీ తరఫున తవ్వే ముందు కేబుల్ వేసిన సంస్థకు కబురు చేస్తే తీగలు ఇలా తెగడం చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: ఇళ్లలో వైరింగ్ పని చేస్తాను. ఇప్పుడు ఫైబర్ పని కూడా అడుగుతున్నారు. తీగ కొసలో వెలుగు వస్తోందో లేదో కంటితో చూసి తెలుసుకోవచ్చా?
(ఒక ఎలక్ట్రీషియన్, ప్రొద్దుటూరు)

జవాబు: చూడకండి. అందులో వచ్చేది పరారుణం, కంటికి కనిపించదు. కాబట్టి చూసినా మీకు ఏమీ తెలియదు, వెలుగు బలంగా ఉన్న చోట కంటికి హాని జరిగే అవకాశం మాత్రం ఉంది. ఇంటి కొసలో ఉండేది మిల్లీవాట్‌లో నూరో వంతు లాంటిదే అయినా, మీ చేతిలోకి వచ్చిన తీగ స్ప్లిట్టర్‌కు ఇవతలిదో అవతలిదో పైకి చూస్తే తెలియదు. చిన్న పవర్ మీటరు కొనుక్కోండి, ఈ పనిలో మొదట కావలసిన పనిముట్టు అదే. తెగిన చోటు వెతకడానికి కంటికి కనిపించే ఎర్ర కాంతిని పంపే పెన్ను లాంటి పరికరం కూడా దొరుకుతుంది, దానినీ సూటిగా కంట్లోకి పడనీయకూడదు.

ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలి కనెక్టర్‌తో కలపకండి. ఆకుపచ్చ దాని మొన ఎనిమిది డిగ్రీల వాలుతో కోసి ఉంటుంది, నీలి దానికి ఆ వాలు ఉండదు. రెండూ కలిపితే మధ్య సందు మిగిలి వెలుగు పోతుంది, మొనలు కూడా పాడవుతాయి.

ఇక కోసినప్పుడు మిగిలే గాజు ముక్కల సంగతి. ఇది వెలుగు కంటే పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం. అవి సన్నగా, పారదర్శకంగా ఉండి నేల మీద కనిపించవు, చర్మంలో గుచ్చుకుంటే అక్కడే విరిగి ఉండిపోతాయి. పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే ఇళ్లలో పని చేస్తున్నప్పుడు కింద నల్లని గుడ్డ పరచుకోండి. ప్రతి ముక్కనూ అప్పటికప్పుడే టేపుకు అంటించి మూత ఉన్న డబ్బాలో వేయండి. చేతులు కడుక్కునే వరకు కళ్లు తుడుచుకోవద్దు, అన్నం ముట్టుకోవద్దు.